వీరగల్లు గెలిచినవాడిది కాదు

మొరసునాడులో మత్తిగిరి నుంచి ఏ దిక్కుకు పోయినా, తళి పక్కకు పోనీ, డెంకణికోట పక్కకు పోనీ, సూళగిరి పక్కకు పోనీ, దోవలో ఎక్కడో ఒకచోట వీరగల్లు కనబడుతుంది. చెరువుకట్ట మీదనో, చింతమాను కిందనో, పాత గుడి వెనకాలనో ఉంటుంది. మోకాలెత్తు రాళ్లున్నాయి, మనిషెత్తు రాళ్లున్నాయి. విల్లో కత్తో పట్టుకొని అడుగు ముందుకు వేసిన మగమనిషి బొమ్మ. కొన్ని ఊళ్లలో దానికి నూనె రాసి, కుంకుమ పెట్టి, ఏడాదికొకసారి పొంగలి పెడతారు. కృష్ణగిరి, ధర్మపురి పక్క తమిళులు చాలాచోట్ల ఆ రాతినే వేడియప్పన్ అని కొలుస్తారు. కొన్నిచోట్ల దాన్ని అడిగేవాళ్లే లేరు, ముక్కాలు భాగం మట్టిలో మునిగి ఉంటుంది.

ఆ రాతిని చూపించి మనవాళ్లు రెండు రకాలుగా మాట్లాడడం నేను ఎన్నోసార్లు విన్నాను. పడుచువాళ్లు అంటారు: "చూడన్నా, మన పెద్దోళ్లు కత్తి పట్టినోళ్లు. ఈ పొద్దు మన చేతిలో ఏమీ లేదు, అందుకే అందరికీ అలుసైపోయినాము." పెద్దవాళ్లు అంటారు: "కత్తులూ కటార్లూ రాజులకురా అబ్బాయీ. మనం మడకపట్టుకొని బతికినోళ్లం. మనకెందుకా కత?" ఒకటి పౌరుషం మాట, ఇంకొకటి బుద్ధిమంతుల మాట. రెండింటిలోనూ చరిత్ర కొంచెమే ఉంది. తన్ను తాను కాపాడుకోడానికి మనిషి ఆయుధం పట్టడం అనే విషయం మీద మనలో ఉన్న పొరపాటు తలపులన్నీ ఈ రెండు మాటల చుట్టే తిరుగుతాయని నాకు తోస్తుంది. కాబట్టి ముందు ఆ రాతినే చదువుదాం.

వీరగల్లు గెలిచినవాడికి నిలిపింది కాదు, చచ్చినవాడికి నిలిపింది. ఇంత చిన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. పల్లవుల కాలపు రాళ్లలో చాలావాటికి ఒకే బొమ్మ ఉంటుంది. ఒక చేత విల్లు, ఇంకొక చేత కత్తి, కాళ్ల దగ్గర చిన్న చెంబు. కొన్నింటిలో ఆ మనిషి ఒంట్లో దిగబడిన బాణాలు కూడా చెక్కి ఉంటారు. కన్నడసీమ వైపు, తర్వాతి కాలపు రాళ్లలో మూడు అంతస్తులు కనబడతాయి. అడుగున పోరు, నడుమ అతణ్ణి ఎత్తుకుపోతున్న దేవకన్నెలు, పైన లింగం ముందర కూర్చున్న వీరుడు. అడుగున ఎంత వీరంగా కనబడినా పై రెండు అంతస్తులు చెప్పేది వాడు పోయాడనే. బెంగుళూరు హెబ్బాళంలో 2018లో వెలుగులోకి వచ్చిన రాయి సుమారు 750 నాటిది. రాష్ట్రకూటుల దాడిని ఎదుర్కొని కిత్తయ్య అనేవాడు చచ్చాడని దాని మీద రాసి ఉంది. హొసూరుకు దగ్గరలోనే ఉన్న బేగూరులో సుమారు 900 నాటి రాత ఒకటి ఉంది. బెంగుళూరు అనే పేరు కనబడే పాత రాత అదే. అందులో ఆ పేరు వచ్చింది ఊరు కట్టిన సందర్భంలో కాదు, "బెంగుళూరు కాళగం"లో, అంటే పోరులో, చచ్చినవాణ్ణి తలచుకునే సందర్భంలో. మహానగరం పేరు మొదట మనకు దొరికేది ఒక చావు కబురులో.

ఆయుధం ఉంటే బతుకుతాం అనే నమ్మకానికి వీరగల్లు సాక్ష్యం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పక్కవాళ్లు బతికారు, వాడు చచ్చాడు. అందుకే రాయి నిలిపారు.

వాడు ఎవరి కోసం చచ్చాడనేది ఇంకా ముఖ్యం. కృష్ణగిరి, ధర్మపురి, చెంగం పక్క రాళ్లలో ఎక్కువ కనబడేది పశువుల పోరు. తమిళ రాతల్లో తొఱు అని, కన్నడ రాతల్లో తుఱు అని ఉండే మాటకు పసులమంద అని అర్థం. మన పాత నిఘంటువుల్లో తొఱ్ఱు అంటే ఆవు. మూడు భాషల్లోనూ ఒకే మాట ఉండడం మన సరిహద్దు బతుక్కు తగ్గట్టే ఉంది. ఆ కాలంలో ఊరి సంపద మందలోనే ఉండేది, దాన్ని తోలుకుపోతే ఊరు చచ్చినట్టే. మందను తోలుకుపోయేవాళ్లను ఊరి పొలిమేరలో అడ్డగించి, విడిపించే పోరులో పోయినవాడికి ఈ రాయి. పులితో పోరాడి పోయినవాళ్లకు వేరే రాళ్లున్నాయి, పందితో పోరాడి పోయినవాళ్లకు వేరే ఉన్నాయి. తన ఇంటి తలుపు వెనక కత్తి పట్టుకొని ఒంటిగా నిలబడినవాడి రాయి మాత్రం నా కంటికి ఒక్కటీ కనబడలేదు. అది సినిమా బొమ్మ. రాతిమీది మనిషి ఊరి పని మీద పోయినవాడు. అందుకే వాడి ఇంటివాళ్లకు ఊరో దొరో పొలం ఇచ్చేవాళ్లు. కన్నడ రాతల్లో దాన్ని నెత్తరుకొడగె అన్నారు, తమిళంలో ఉదిరప్పట్టి అన్నారు. రెండింటికీ నెత్తురుకు బదులిచ్చిన నేల అని అర్థం. చచ్చినవాడి ఆలుబిడ్డలు ఏమి తిని బతకాలి అని ముందే ఆలోచించిన ఏర్పాటు అది. ఆయుధం గురించి మాట్లాడే మన పడుచువాళ్లు ఈ పొలం సంగతి ఎత్తరు.

ఇంకొక చేదు సంగతి కూడా చెప్పాలి. మందను విడిపించి చచ్చినవాడికే కాదు, మందను కొల్లగొట్టే దాడిలో చచ్చినవాడికి కూడా వాళ్ల ఊరివాళ్లు రాయి నిలిపారు. తమిళ రాతల్లో తొఱు మీట్టు అని ఉంటే విడిపించినవాడు, తొఱు కొండు అని ఉంటే తోలుకొచ్చినవాడు. బొమ్మ మాత్రం ఒక్కటే. అదే విల్లు, అదే కత్తి, అదే అడుగు. రాత చదవనివాడికి కాపాడినవాడెవడో కొల్లగొట్టినవాడెవడో తేడా తెలియదు. ఒక ఊరి వీరుడు పొలిమేర దాటితే దొంగ.

ఇప్పుడు పెద్దవాళ్ల మాట చూద్దాం. కత్తులు రాజులకే, మనకు మడకే అన్నది పాత కాలానికి చెల్లదు. ఊరికి తలారి ఉండేవాడు, కావలి ఉండేది. పాళెగాళ్ల కింద కట్టుబడి బంట్లు ఉండేవాళ్లు. మాన్యం నేల దున్నుకుంటూ, పిలుపు వస్తే ఈటె తీసుకొని పోవడం వాళ్ల కొలువు. వానాకాలం మడక, ఎండాకాలం ఈటె. మన పక్క బాగలూరు, బేరికె, సూళగిరి పాళెంపట్లకు ఇలాంటి బంట్లే బలం. మంచి కాలం అని పొగడడానికి ఇది చెప్పడం లేదు. కావలి పేరు చెప్పి ఊళ్లను పీల్చిన పాళెగాళ్లూ తక్కువేమీ కాదు. కాపాడతానని డబ్బు తీసుకొని, ఇవ్వని ఊరిని తానే దోచినవాళ్లున్నారు. ఆయుధం ఊళ్లో ఉండేదన్నదే ఇక్కడ నా మాట.

ఆ ఆయుధం ఎలా పోయింది? ఒక్క రోజులో పోలేదు. 1792 శ్రీరంగపట్టణం ఒప్పందంతో కృష్ణగిరితో కూడిన బారామహలు కుంపిణీ చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్ కింద థామస్ మన్రో ఇక్కడే శిస్తు పని నేర్చుకున్నాడు. 1799లో టిప్పు పోయాక హొసూరు సీమ కూడా కలిసింది. దక్షిణాన పాళెగాళ్ల తిరుగుబాటును అణచిన తర్వాత, 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన చేశాడు. అక్కడి కోటలు కూల్చాలి, ఈటెలూ తుపాకులూ అప్పజెప్పాలి అని. దత్తమండలాల్లో మన్రో పాళెగాళ్లను పింఛన్లకు కట్టిపడేశాడు. కట్టుబడి మాన్యాలకు ముప్పు వచ్చినప్పుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్లలో ఆ కట్టుబడివాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన్ను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు.

ఆ తర్వాత జరిగింది చూస్తే నవ్వు వస్తుంది. 1837లో శిక్షాస్మృతి ముసాయిదా రాసిన మెకాలే బృందం ఆత్మరక్షణ గురించి రాస్తూ, ఈ దేశపు జనం దొంగలకూ దుర్మార్గులకూ ఎదురు తిరగకుండా పడి ఉంటున్నారు, కాబట్టి ఎదిరించే హక్కుకు ఎక్కువ కట్లు వేయకుండా వాళ్లకు ధైర్యం కలిగించాలి అనే తీరులో వివరణ ఇచ్చింది. 1860లో ఆ స్మృతి చట్టమయింది. అందులో 96 నుంచి 106 దాకా సెక్షన్లు తన్నూ ఇతరులనూ కాపాడుకునే హక్కు గురించే. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా దేశీయులు ఆయుధం ఉంచుకోకూడదు, తెల్లవాళ్లకు మినహాయింపు. కొడగువాళ్లకు కూడా మినహాయింపు దక్కింది. ఒక చేత్తో నిన్ను నువ్వు కాపాడుకో అన్నారు, ఇంకో చేత్తో ఈటె లాక్కున్నారు. ఇదంతా జరిగే కాలంలో మన మత్తిగిరిలో ఏముంది? 1824లో మొదలైన సైన్యపు గుర్రాల ఫారం ఉంది. నూరేళ్లు అక్కడ గుర్రాలు మేశాయి. 1924లో అది పశువుల ఫారంగా మారి సివిలు పశువైద్య శాఖకు వచ్చింది. ఆ గుర్రాలు మన ఊళ్లను కాపాడడానికి మేసినవి కావు.

ఇంతవరకూ చదివి, "చూశావా, తెల్లవాడు ఆయుధం గుంజుకున్నాడు కాబట్టే మనం ఇలా అయిపోయినాము" అనే చదువరులు ఉంటారు. వాళ్ల కోసం రెండు పోరులు చెబుతాను. ఒకటి మన ఊరిది, ఒకటి దూరానిది.

1791 జులైలో కారన్‌వాలిసు సైన్యం హొసూరు కోటను పట్టుకుంది. కోటలో ఫిరంగులున్నాయి, మందుగుండు ఉంది, అయినా పెద్ద పోరు లేకుండానే చేజారింది. అదే ఏడు నవంబరు 7న మాక్సువెల్ దండు కృష్ణగిరి మీద పడింది. దిగువ కోటా పేటా చిక్కాయి. కొండమీది కోట చిక్కలేదు. పైనుంచి దొర్లించిన బండరాళ్ల కింద నిచ్చెనలు నుగ్గయ్యాయి, మనుషులు పడ్డారు, దండు వెనక్కు తిరిగింది. తుపాకి చేయలేని పని గుండ్రాయి చేసింది. ఈ కథను గొప్పగా చెప్పుకునేటప్పుడు ఒక మాట మరచిపోతాం. పై కోట నిలిచింది సరే, జనం ఉన్నది పేటలో. పేట చిక్కింది.

రెండోది తెలంగాణది. ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి. నిజాం రాజ్యంలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయాక ఊరూరా సంఘం దళాలు కట్టుకున్నాయి. వాళ్ల చేతిలో మొదట ఉన్నవి గుతపలు, ఒడిసెలలు, ఆడవాళ్ల చేతిలో రోకళ్లు, కారప్పొడి. బైరాన్‌పల్లివాళ్లు ఊరి నడిమి బురుజు మీద కాపలా పెట్టుకున్నారు. నాటు తుపాకులు కొన్ని సంపాదించారు. రజాకార్లు వస్తే బురుజు మీద నగారా మోగేది, ఊరంతా ఒక్కటయ్యేది. ఒకటికి రెండుసార్లు రజాకార్లను తరిమికొట్టారు. చివరికి 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యాన్ని, ఫిరంగిని వెంటబెట్టుకొని వచ్చారు. ఆ ఒక్క రోజే తొంభై మందికి పైగా చచ్చారు. భారత సైన్యం హైదరాబాదు మీదకు కదిలింది సెప్టెంబరు 13న, పదిహేడు రోజుల తర్వాత.

ఈ పోరు నుంచి ఒక్క ముక్క తీసుకొని మాట్లాడితే ఏ మాటైనా చెప్పవచ్చు. ఆయుధం పట్టారు కాబట్టి నిలిచారు అనవచ్చు, ఆయుధం పట్టారు కాబట్టే చచ్చారు అనవచ్చు. రెండూ న్యాయం కాదని నా అభిప్రాయం. వాళ్లను అన్నాళ్లు నిలిపింది తుపాకికన్నా నగారా. ఎవరు ఏ పొద్దు కాపలా, ఎవరు రాళ్లు మోయాలి, ముసలివాళ్లనూ బిడ్డలనూ ఎక్కడ దాచాలి అన్న కట్టుబాటు. ఫిరంగి ముందర ఆ కట్టుబాటుకు కూడా హద్దు ఉంది. ఆత్మరక్షణకు ఎదుటివాడి బలాన్నిబట్టి ఒక హద్దు ఉంటుంది, దాన్ని పౌరుషం చెరపలేదు.

గాంధీ పేరు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఆయుధాల చట్టాన్ని ఆంగ్లేయుల చెడ్డ పనుల్లోకెల్లా చెడ్డదని గాంధీ అన్నాడని, కాబట్టి ఇంటికొక తుపాకి ఆయనకు ఇష్టమేనని వాదిస్తారు. ఆ మాట ఆయన అన్న సంగతి నిజమే. అన్నది 1918లో, ఖేడా రైతులను మొదటి ప్రపంచయుద్ధానికి సైన్యంలో చేర్చడానికి తిరుగుతూ వేసిన కరపత్రంలో. చట్టం పోవాలంటే, ఆయుధం వాడడం నేర్వాలంటే సైన్యంలో చేరండి అన్నది దాని సారం. సందర్భం తీసేస్తే మాట తలకిందులవుతుంది. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో కట్టుదిట్టాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు చేర్చిన మాట కూడా నిజమే. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చమని కోరితే అంబేద్కరు ఒప్పుకోలేదు. దొంగలకూ దుర్మార్గులకూ కూడా ఆ హక్కు ఇస్తామా అన్నది ఆయన వాదం. రాజ్యాంగంలో చివరికి నిలిచింది ఆయుధం లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు. 1959లో వచ్చిన కొత్త ఆయుధాల చట్టం ప్రకారం కూడా తుపాకీ లైసెన్సు అడుక్కోవలసిందే, అది పుట్టుకతో వచ్చిన హక్కు కాదు.

మరి కొట్టవస్తే ఏం చేయాలి? మనలో సగం మంది నమ్మకం, తిరిగి కొడితే పోలీసులు మననే లోపల వేస్తారు కాబట్టి చట్టం మన పక్క లేదని. మిగతా సగం మంది నమ్మకం, మన గోడ దాటినవాణ్ణి ఏం చేసినా చెల్లుతుందని. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు పాతవాటి సారమే. నీ ఒంటినీ, ఇంకొకరి ఒంటినీ, నీ సొత్తునూ, ఇంకొకరి సొత్తునూ కాపాడవచ్చు. ఇంకొకరి అన్న మాట గమనించండి, చెరువుకట్ట మీది రాయి చెప్పేదీ అదే. చావుభయమో, పెద్ద దెబ్బ భయమో, మానభంగమో, ఆసిడు దాడో, ఇలాంటివి ముంచుకొస్తే ఎదుటివాడు చచ్చేదాకా కూడా పోవచ్చు. అయితే కాపాడుకోడానికి ఎంత కావాలో అంతే. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. భయం తొలగినాక ఒక్క దెబ్బ కూడా దాని కిందికి రాదు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నీ ఒకచోట చెప్పింది. ప్రాణం మీదికి వచ్చినవాడు త్రాసు పెట్టి తూచి కొట్టాలని కోరలేము, అయితే పగ తీర్చుకోవడం ఆత్మరక్షణ కాదు అని. మన కృష్ణగిరి మామిడితోపులో నాలుగు కాయలు కోసుకొని పరిగెత్తే కుర్రవాడి వీపున కాల్చినవాడు ఏ సెక్షనులోనూ దూరలేడు.

అడవి దగ్గరి ఊళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఏనుగు మీద పడితే ప్రాణం కాపాడుకోడానికి దాన్ని చంపినా నేరం కాదని 1972 వన్యప్రాణి చట్టమే చెబుతుంది. ఎదురుగా వచ్చినప్పటి మాట అది. చేను చుట్టూ కరెంటు తీగ కట్టి ఇంట్లో పడుకోవడం కాదు. 2023 మార్చిలో మారండహళ్లి దగ్గర అలాంటి తీగ తగిలి మూడు ఆడ ఏనుగులు చచ్చాయి. తీగకు కళ్లు లేవు. ఏనుగు తగిలినా, తెల్లవారుజామున నీళ్లు కట్టను పోయే పక్కచేని మనిషి తగిలినా దానికి ఒక్కటే.

ఇవన్నీ రాయడానికి నన్ను పురికొల్పినవి 2018 మే నెల సంగతులు. బిడ్డలను ఎత్తుకుపోయేవాళ్లు ఉత్తరాది నుంచి దిగారని సెల్‌ఫోన్లలో తమిళంలో, తెలుగులో, కన్నడంలో కబుర్లు తిరిగాయి. తిరువణ్ణామలై జిల్లాలో, పోలూరు పక్క, కులదైవం గుడికి పోతూ దోవ అడగడానికి కారు ఆపిన ఒక కుటుంబంలో పెద్దావిడ బిడ్డలకు చాక్లెట్లు ఇచ్చింది. జనం గుమిగూడి కొట్టారు. ఆవిడ చచ్చిపోయింది, కూడా ఉన్నవాళ్లు గాయాలతో బయటపడ్డారు. అదే నెలలో బెంగుళూరు చామరాజపేటలో పని వెతుక్కుంటూ వచ్చిన రాజస్థాన్ కుర్రవాణ్ణి కట్టేసి కొట్టి చంపారు. కొట్టినవాళ్లను అడిగితే మా బిడ్డలను కాపాడుకుంటున్నాము అనే అంటారు. మంద కోసం పొలిమేరలో నిలిచినవాళ్లమనే అనుకొని ఉంటారు.

మనం తమిళనాడులో తెలుగు మాట్లాడేవాళ్లం. కూలికి, వ్యాపారానికి, పెళ్లిసంబంధానికి బెంగుళూరు పోతాం, సేలం పోతాం, చిత్తూరు పోతాం. ఏదో ఒక పొలిమేరలో మనమూ అర్థంకాని మాట మాట్లాడే కొత్తవాళ్లమే. చేతిలో ఏమీ లేదు కాబట్టి అలుసైపోయినామని బాధపడే పడుచువాళ్లు ఆ కారులో కూర్చున్నవాళ్ల పక్క నుంచి కూడా ఒకసారి చూడాలని నా కోరిక. ఆ రోజు గుంపు చేతిలో ఆయుధాలు ఎక్కువయినా ఆ పెద్దావిడకు మేలు జరిగేది కాదు, కారులో ఒక తుపాకి ఉన్నా జరిగేది కాదు. ఆ గుంపులో "ఆగండి, ముందు అడుగుదాం" అనే నలుగురు ఉండి ఉంటే జరిగేది.

కొత్త న్యాయ సంహితలో 103వ సెక్షను రెండో భాగం ఇలాంటి గుంపు చావుల గురించి విడిగా చెబుతుంది. అయిదుగురు గానీ అంతకు ఎక్కువమంది గానీ కలిసి, జాతి, కులం, లింగం, నమ్మకం వంటి కారణాలతో ఒకరిని చంపితే, ప్రతి ఒక్కరికీ మరణశిక్షో యావజ్జీవమో పడుతుంది. ఆ కారణాల వరుసలో పుట్టిన చోటు, భాష అనే రెండు మాటలు కూడా ఉన్నాయి.